నీళ్ళ మిషన్‌పై టైలు కోత: పెచ్చు లేవకుండా, గీత తప్పకుండా

రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న విట్రిఫైడ్ టైలును మూడున్నర అడుగుల దాకా చక్కగా కోసుకొచ్చిన తరువాత, చివరి రెండంగుళాల్లో మూల టప్పున విరిగిపడితే కలిగే బాధ ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అలా విరిగినప్పుడు టైలు నాసిరకమని కొందరు, బ్లేడు మంచిది కాదని కొందరు అంటారు. నేను చూసినంతలో ఎక్కువ సందర్భాల్లో తప్పు ఆ రెండింటిదీ కాదు. తొట్టిలో నీళ్ళు బురదగా మారి ఉంటాయి, బ్లేడు అంచు నున్నబడి ఉంటుంది, వాటి వల్ల తగ్గిన కోత వేగాన్ని చేతి బలంతో పూడ్చాలని మనిషి టైలును నెడుతూ ఉంటాడు. ఇళ్ళలో టైల్స్ పని చేసేవారి కోసం, సొంత ఇంటి పనిని దగ్గరుండి చూసుకునేవారి కోసం వెట్ సాతో, అంటే నీళ్ళతో తడుపుతూ డైమండ్ బ్లేడుతో కోసే మిషన్‌తో, కోసే పద్ధతిని మొదటి నుంచి చివరి వరకు ఇక్కడ వివరిస్తున్నాను. మా పనివాళ్ళు దీన్ని నీళ్ళ మిషన్ అంటారు కాబట్టి నేనూ ఆ మాటే వాడతాను.

ఈ బ్లేడు కోయదు, అరగదీస్తుంది

కర్ర కోసే రంపానికి ఉన్నట్టు డైమండ్ బ్లేడుకు పళ్ళు ఉండవు. దాని అంచున లోహపు పొడిలో కలిపి బిగించిన సన్నని వజ్రపు రేణువులు ఉంటాయి. బ్లేడు తిరిగేటప్పుడు అవి టైలును రేణువు రేణువుగా అరగదీస్తాయి. మొద్దుబారిన రేణువులు రాలిపోతూ, వాటి వెనుక ఉన్న కొత్తవి బయటపడుతూ ఉండాలి. అప్పుడే బ్లేడు పదునుగా ఉంటుంది. అందుకే గట్టి టైలుకు మెత్తని లోహబంధం ఉన్న బ్లేడు, ఇసుక స్వభావం ఉన్న మెత్తని రాతికి గట్టి బంధం ఉన్న బ్లేడు వాడాలి. వినడానికి తలకిందులుగా అనిపించినా అసలు కిటుకు ఇదే. గట్టి బంధం ఉన్న బ్లేడుతో విట్రిఫైడ్ టైలు కోస్తే మొద్దుబారిన వజ్రాలు రాలకుండా అక్కడే ఉండిపోయి, అంచు అద్దంలా నున్నబడుతుంది.

ఏడంగుళాల బ్లేడు నిమిషానికి 2,900 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 27 మీటర్లు, అంటే గంటకు దాదాపు 97 కిలోమీటర్ల వేగంతో టైలును రాస్తూ ఉంటుంది. ఆ రాపిడిలో పుట్టే వేడిని తీసేయడం నీటి మొదటి పని. అరిగిన పొడిని గాడిలోంచి కడిగేయడం రెండో పని. మూడోది ఆ పొడి గాలిలోకి లేవకుండా పట్టి ఉంచడం, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

కిటికీ కూడా లేని స్నానాల గదిలో నాలుగంగుళాల చేతి కట్టర్‌తో పొడిగా టైలు కోస్తుంటే, ఎదురుగా ఉన్న మనిషి కనపడనంతగా తెల్లటి పొగలాంటి రజను కమ్ముకోవడం మన ఊళ్ళలో ఇప్పటికీ రోజూ కనపడే దృశ్యమే. విట్రిఫైడ్ టైలులోనూ గ్రానైట్‌లోనూ స్ఫటిక రూపంలో సిలికా ఉంటుంది. కంటికి కనపడనంత సన్నని ఆ రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్ళి సిలికోసిస్ తెస్తాయి. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే ఈ రజనును మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అమెరికాలో పని ప్రదేశపు గాలిలో దీన్ని ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములకు మించనివ్వకూడదని నియమం ఉంది. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఇంత సన్నని రేణువులు ఆగవు. తడి కోతలో రజను చాలా వరకు తగ్గుతుంది, అయినా తుంపరతో పాటు కొంత లేస్తుంది కాబట్టి ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.

మిషన్, బ్లేడు ఎంపిక

మిషన్లు ప్రధానంగా రెండు రకాలు. బల్ల కింద మోటారు ఉండి, చీలికలోంచి బ్లేడు పైకి వచ్చే చిన్నరకం ఒకటి; పట్టా మీద జరిగే మోటారుకు బ్లేడు అమర్చి, పై నుంచి కోసే పెద్దరకం రెండోది. రెండడుగుల చదరపు టైళ్ళు, స్కర్టింగ్ పట్టీలు, గోడ టైళ్ళు కోయడానికి చిన్నరకం చాలు. రెండు బై నాలుగు అడుగుల టైళ్ళు, అంతకన్నా పెద్ద పలకలు ఎక్కువగా ఉంటే పట్టా మిషన్ తెచ్చుకోవాలి. పెద్ద టైలును చిన్న బల్ల మీద కోస్తే బయటికి వేలాడే భాగం బరువుకే గీత వంకర పోతుంది. తప్పనిసరై చిన్న బల్ల మీదే కోయవలసి వస్తే, బల్ల ఎత్తుకు సరిపోయేలా రెండు పక్కలా ప్లైవుడ్ చెక్కలతో ఆసరా కట్టుకోవాలి.

విట్రిఫైడ్, సిరామిక్ టైళ్ళకు అంచు ఎక్కడా తెగకుండా చుట్టూ ఒకే పట్టీగా ఉండే బ్లేడు వాడాలి. మధ్యమధ్య చీలికలు ఉండే బ్లేడు గ్రానైట్‌కూ కాంక్రీటుకూ పనికొస్తుంది. టైలు మీద వాడితే ప్రతి చీలిక దగ్గరా ఒక దెబ్బ తగిలి పెచ్చులు లేస్తాయి. తాండూరు రాయి, కడప రాయి సున్నపురాయి జాతివి, విట్రిఫైడ్ కన్నా మెత్తనివి. కాబట్టి ఒకే బ్లేడుతో అన్నీ కానివ్వకుండా రాతికి ఒకటి, టైలుకు ఒకటి విడిగా ఉంచుకోవడం మంచిది.

బ్లేడు బిగించే ముందు ప్లగ్ తీసేయాలి. బ్లేడు మీద ఉన్న బాణం గుర్తు, మిషన్ మీద ఉన్న బాణం గుర్తు ఒకే దిక్కున ఉండాలి. బ్లేడు మీద ముద్రించిన గరిష్ఠ వేగం మిషన్ వేగం కన్నా ఎక్కువగా ఉండాలి. నడిమి రంధ్రం ఇరుసుకు సరిగ్గా సరిపోవాలి. వదులుగా ఉంటే కాగితమో తీగో చుట్టి బిగించడం ఎంతమాత్రం కూడదు. బ్లేడును రెండు పక్కలా నొక్కి పట్టే గుండ్రటి బిళ్ళలైన ఫ్లాంజ్‌ల మీద ఎండిన మడ్డి ఆవగింజంత ఉన్నా బ్లేడు ఊగుతుంది కాబట్టి వాటిని గుడ్డతో తుడవాలి. బిగించాక చేత్తో నెమ్మదిగా తిప్పి, అంచు పక్కలకు ఊగడం లేదని చూసుకోవాలి.

మిషన్‌ను నిలపడం

ఒక మూల కింద ఇటుక ముక్క పెట్టి సరిపెట్టిన మిషన్ మీద తిన్నని కోత రాదు. నేల గట్టిగా ఉన్న చోట నిలిపి, బల్ల మీద రసమట్టం పెట్టి రెండు దిక్కులా చూడాలి. నీళ్ళు చింది మనుషులు జారేందుకు వీలున్న నడక దారిలో పెట్టకూడదు.

నీళ్ళూ కరెంటూ ఒకే చోట ఉండే పని ఇది. మూడు పిన్నుల ప్లగ్, పనిచేసే ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను నుంచే కరెంటు తీసుకోవాలి. కట్టడం జరుగుతున్న ఇంట్లో రెండు తీగలను సాకెట్‌లో గుచ్చి అగ్గిపుల్లతో బిగించే అలవాటు ప్రాణాలు తీస్తుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కితే అది పడిపోవాలి. మిషన్ తీగ సాకెట్ దగ్గరికి నేరుగా పోకుండా, ముందు సాకెట్ కన్నా కిందికి వేలాడి తరువాత పైకి వెళ్ళేలా పెట్టాలి. అప్పుడు తీగ వెంట జారే నీరు వంపు దగ్గరే కింద పడుతుంది తప్ప సాకెట్‌లోకి వెళ్ళదు.

తొట్టిలో బ్లేడు కింది అంచు ఒక సెంటీమీటరు పైగా మునిగేలా నీళ్ళు పోయాలి. పంపు ఉన్న మిషన్ అయితే బ్లేడుకు రెండు పక్కలా నీరు పడుతోందో లేదో చూడాలి. ఒక పక్కే పడితే రెండో పక్క వేడెక్కి, బ్లేడు ఆ వైపుకు లాగుతుంది.

తరువాత గైడును, అంటే బల్ల మీద టైలును ఆనించే తిన్నని పట్టీని, పరీక్షించాలి. మూలమట్టాన్ని బ్లేడుకు ఆనించి చూడడం మొదటి మెట్టు మాత్రమే. నమ్మదగిన పరీక్ష వేరే ఉంది. పనికిరాని టైలు ముక్కను గైడుకు ఆనించి అడ్డంగా రెండుగా కోయండి. ఒక ముక్కను బోర్లా తిప్పి, గైడుకు ఆనిన అంచులు రెండూ ఒక తిన్నని పట్టీకి తగిలేలా ఉంచి, కోసిన అంచులను ఒకదానితో ఒకటి కలపండి. సందు లేకుండా కలిస్తే కోత మట్టంగా ఉన్నట్టు. సందు కనపడితే అది అసలు తప్పుకు రెట్టింపు కొలత చూపిస్తుంది కాబట్టి అర మిల్లీమీటరు తేడా కూడా కంటికి దొరికిపోతుంది. టైలే మట్టంగా లేదన్న అనుమానం వస్తే రెండు కర్ణాలూ కొలవాలి, 600 మి.మీ. చదరపు టైలుకు కర్ణం 848.5 మి.మీ. ఉంటుంది, రెండూ సమానంగా ఉండాలి.

కొలత, గీత

గోడలు తిన్నగా ఉంటాయని నమ్మకూడదు. ఒక ఉదాహరణ చెబుతాను. ఆఖరి వరుసలో టైలుకూ గోడకూ మధ్య ఖాళీ ఒక చివర 347 మి.మీ., రెండో చివర 351 మి.మీ. ఉందనుకోండి. టైళ్ళ మధ్య స్పేసర్‌కు 2 మి.మీ., స్కర్టింగ్ కింద దాగిపోయే గోడ సందుకు 3 మి.మీ. తీసేస్తే కోయవలసిన కొలతలు 342, 346 అవుతాయి. ఈ రెండు బిందువులనూ టైలు మీద పెట్టి కలిపితే ఏటవాలు గీత వస్తుంది. గైడును నమ్ముకోకుండా, టైలుకు ఒక చివర సన్నని చెక్క ముక్క ఆనించి, గీత బ్లేడుకు సమాంతరంగా వచ్చేలా సర్దుకుని కోయాలి. ఇలాంటి చోట నేరుగా 342కే కోసేస్తే రెండో చివర పెరిగే 4 మి.మీ. సందు ఆ గదిలోకి వచ్చిన ప్రతివారి కంటా పడుతుంది.

మామూలు పెన్సిలు గీత నీళ్ళకు చెరిగిపోతుంది. పాలిష్ టైలు మీద మాస్కింగ్ టేపు అంటించి దాని మీద సన్నని పర్మనెంట్ మార్కర్‌తో గీస్తే గీతా నిలుస్తుంది, టేపు వల్ల అంచున పెచ్చులు కూడా కొంత తగ్గుతాయి. పారేసే ముక్క మీద ఇంటూ గుర్తు తప్పకుండా పెట్టండి. బ్లేడు మందం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆ మందమంతా ఇంటూ గుర్తు ఉన్న వైపే పడాలి, గీత మనం వాడే ముక్క మీద మిగలాలి.

కోత

కళ్ళజోడు, మాస్కు, చెవులకు రక్షణ, జారని బూట్లు ఉండాలి. మెడలో కండువా, వేలాడే చున్నీ, వదులు చేతుల చొక్కా, గాజులు, చేతికి కట్టిన దారాలు తీసేయాలి. వదులుగా ఉండే గుడ్డ గ్లౌజులు తిరిగే బ్లేడు దగ్గర ప్రమాదం. అంచు బ్లేడుకు చిక్కితే చేతిని లోపలికి లాగుతుంది.

టైలును పాలిష్ వైపు పైకి ఉండేలా పెట్టాలి. బల్ల మీది మిషన్‌లో మన వైపు ఉన్న బ్లేడు అంచు పై నుంచి కిందికి దిగుతుంది, కాబట్టి వజ్రాలు పాలిష్ వైపు నుంచి లోపలికి వెళ్ళి వెనుక వైపు నుంచి బయటికి వస్తాయి. పెచ్చులు లేచేది బయటికి వచ్చే వైపే కాబట్టి అవి వెనుకే ఉండిపోతాయి.

మిషన్ వేసి బ్లేడు పూర్తి వేగం అందుకునే దాకా, అంచు చుట్టూ నీరు పట్టే దాకా కొన్ని సెకన్లు ఆగాలి. మొదటి అంగుళం చాలా నెమ్మదిగా పోవాలి, ఎందుకంటే గాడి ఏర్పడే ముందు బ్లేడు సన్నగా పక్కకు వంగడానికి వీలుంటుంది. అక్కడ వంకర పోతే మిగతా గీతంతా ఆ వంకరనే పట్టుకుని పోతుంది. గాడి పడ్డాక రెండు చేతులూ బ్లేడుకు చెరోవైపు, దూరంగా ఉంచి సమానమైన ఒత్తిడితో టైలును నడపాలి. రెండడుగుల విట్రిఫైడ్ టైలుకు నేను ముప్పావు నిమిషం ఇస్తాను, మందం ఎక్కువైతే ఇంకా ఎక్కువ ఇస్తాను.

వేగం సరిపోయిందో లేదో చెప్పేది చెవి. ఖాళీగా తిరిగేటప్పుడు మోటారు చేసే శబ్దాన్ని గుర్తుపెట్టుకోండి. కోతలో ఆ శబ్దం కొద్దిగా మాత్రమే తగ్గాలి. మూలిగినట్టు బరువుగా మారితే నెడుతున్నారని అర్థం. వెంటనే ఒత్తిడి తగ్గించాలి. నెట్టినప్పుడు బ్లేడు వంగుతుంది, వంగిన బ్లేడు గాడి పక్కలను రాస్తుంది, ఆ రాపిడికి పాలిష్ అంచు పెచ్చులు పెచ్చులుగా ఎగురుతుంది. నిప్పురవ్వలు కనపడితే నీరు అందడం లేదనో బ్లేడు నున్నబడిందనో గ్రహించి కోత ఆపాలి.

చివరి రెండంగుళాలే అసలు పరీక్ష. అక్కడికి వచ్చేసరికి రెండు ముక్కలనూ పట్టి ఉంచే భాగం చాలా సన్నగా మిగులుతుంది. విడిపోయే ముక్క ఏమాత్రం కిందికి వంగినా మూల విరుగుతుంది. దీనికి తేలికైన ఉపాయం ఉంది. ముందుగా టైలును తిప్పి పెట్టి, కోత ముగిసే చివర నుంచి రెండంగుళాలు కోయండి. తరువాత మళ్ళీ తిప్పి, మొదటి చివర నుంచి వచ్చి ఆ గాడిలో కలపండి. కొత్తగా నేర్చుకునేవారికి నేను ముందు నేర్పేది ఇదే. ఎంత అనుభవం ఉన్నా ఖరీదైన టైలుకు నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను.

మూలలు, గుమ్మాలు, పైపులు

ఎల్ ఆకారపు కోతలో బ్లేడు గుండ్రంగా ఉండడమే సమస్య. బల్ల కింది నుంచి వచ్చే బ్లేడు టైలు అడుగు వైపు ఎక్కువ దూరం, పై వైపు తక్కువ దూరం కోస్తుంది. కాబట్టి పాలిష్ వైపు పైకి పెట్టి గీత మూల దగ్గర ఆపితే, మించిన కోత వెనుక వైపే దాగిపోతుంది. పై నుంచి కోసే పట్టా మిషన్‌లో ఇది తలకిందులు: పై ముఖం మీద గీత మూలకు చేరేసరికి అడుగున ఇంకా కొంత కోయకుండా మిగిలి ఉంటుంది. అక్కడితో ఆగి, గీతలను టైలు వెనుక కూడా గీసుకుని, బోర్లా తిప్పి మిగిలింది కోయాలి. తొందరపడి పై ముఖం మీదే గీత దాటించి కోస్తే ఆ చీలిక టైళ్ళ సందుల్లో నింపే గ్రౌట్‌తో కూడా దాగదు.

కొన్నేళ్ళ కిందట ఒక ఇంట్లో పూజగది గుమ్మం చుట్టూ రెండు బై నాలుగు టైలును ఎల్ ఆకారంలో కోశాను. కోత శుభ్రంగా వచ్చింది. ఎత్తి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళేలోగా లోపలి మూల నుంచి అవతలి అంచు దాకా వెంట్రుకంత నెర్రె పరుగెత్తింది. ఆ లాట్‌లో ఇంకో టైలు దొరకక ఇంటివారు ఆ గది పనిని చాలా రోజులు ఆపుకోవలసి వచ్చింది, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. వాడిగా ఉండే లోపలి మూల దగ్గరే ఒత్తిడంతా పోగవుతుంది. అప్పటి నుంచి ఎల్, యు కోతలకు ముందు లోపలి మూలలో 6 మి.మీ. డైమండ్ బిట్‌తో రంధ్రం వేసి, రెండు కోతలనూ ఆ రంధ్రంలో కలుపుతున్నాను. మూల గుండ్రంగా ఉంటే నెర్రె మొదలు కావడానికి చోటు దొరకదు. కోసిన ఎల్ టైలును సన్నని కాలు పట్టుకుని ఎత్తకూడదు, వెడల్పు భాగం కింద చేయి పెట్టాలి.

లోతు తక్కువగా ఉండే యు కోతకు రెండు పక్కలా నిలువు గీతలు కోసి, మధ్య భాగాన్ని అర అంగుళానికి ఒకటి చొప్పున దువ్వెన పళ్ళలా కోసి, ఆ పళ్ళను పటకారుతో ఒక్కొక్కటిగా విరిచి, అడుగును రుద్దుడు రాయితో సరిచేయాలి. పైపులకూ కుళాయిలకూ గుండ్రటి రంధ్రం కావాలంటే నీళ్ళ మిషన్ జోలికి పోకుండా డైమండ్ హోల్ సా వాడాలి.

గోడ మూలల్లో, గట్ల అంచుల్లో రెండు టైళ్ళు కలిసే చోట వేసే 45 డిగ్రీల కోతకు ముందు టైలును అసలు కొలతకు నిలువుగా కోసుకోవాలి. ఏటవాలు కోత తరువాతే. పాలిష్ వైపు పొడవుగా, వెనుక వైపు పొట్టిగా మిగలాలి. ఏ దిక్కుకు వంచితే అలా వస్తుందో ముందు పనికిరాని ముక్క మీద చూసుకోవాలి. అంచును కత్తిలా పదునుగా చేయకూడదు, పాలిష్ పొర కింద ఒక మిల్లీమీటరు మందం నిలువుగా వదలాలి. కత్తి అంచు చేతికి తగిలితే కోస్తుంది, చీపురు తగిలితే పెచ్చు లేస్తుంది. కోణాన్ని 45 కన్నా ఒక డిగ్రీ ఎక్కువ పెడితే లోపల ఎపాక్సీ జిగురుకు చోటు దొరికి, ముందు అంచులు గట్టిగా కలుస్తాయి.

కోసిన తరువాత

కోసిన అంచు మీద రుద్దుడు రాయినో డైమండ్ ప్యాడ్‌నో పాలిష్ వైపు నుంచి వెనక్కి, ఒకే దిక్కున, నీళ్ళతో నాలుగైదు సార్లు నడపాలి. వెనుక నుంచి ముందుకు రుద్దితే లేని పెచ్చులు లేస్తాయి. ఆ వెంటనే టైలు రెండు వైపులా మంచినీళ్ళతో కడగాలి. పైనున్న మడ్డి ఎండితే పాలిష్ మీద గీతలు పడతాయని ముందు వైపు అందరూ తుడుస్తారు, వెనుక వైపును మాత్రం చాలామంది వదిలేస్తారు. వెనుక అంటిన మడ్డి టైలుకూ అడ్హెసివ్‌కూ మధ్య పొడి పొరలా నిలిచిపోయి పట్టు రానివ్వదు. అతికించిన కొన్నాళ్ళకే అంచు టైళ్ళు తడితే బోలుగా మోగడానికి ఇదొక కారణం.

తొట్టిలో నీరు పాలలా మారగానే మార్చాలి; గట్టి టైళ్ళు ఎక్కువగా కోసే రోజు రెండు మూడు సార్లు మార్చవలసి వస్తుంది. ఆ నీటిని స్నానాల గది డ్రెయిన్‌లో పోస్తే మడ్డి పైపు వంపులో పేరుకుని బిగుసుకుపోతుంది. ఒక పాత బకెట్లో పోసి రాత్రంతా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. పై నీటిని ఖాళీ నేల మీద పారబోసి, మడ్డిని తడిగా ఉండగానే సంచిలో కట్టి కట్టడపు చెత్తలో వేయాలి. ఎండనిచ్చి ఊడిస్తే, మనం నీటితో పట్టి ఉంచిన రజనంతా మళ్ళీ గాలిలోకి లేస్తుంది.

కోత మందగించి, అంచు వేలికి నున్నగా తగులుతుంటే బ్లేడు అయిపోయిందని పారేయనక్కర్లేదు. డ్రెస్సింగ్ రాయినో, అది లేకపోతే ఇసుక సిమెంటు దిమ్మనో తీసుకుని నీళ్ళతోనే అయిదారు సార్లు పైపైన కోస్తే నున్నబడిన లోహం అరిగి కొత్త వజ్రాలు బయటపడతాయి. అంచున వజ్రపు పట్టీ ఉక్కు దాకా అరిగినా, పట్టీలో చీలిక కనపడినా, బ్లేడు వంగినా మాత్రం వెంటనే మార్చేయాలి. రోజు ముగిశాక తొట్టి ఖాళీ చేసి, పంపును అయిదు నిమిషాలు మంచినీళ్ళలో నడిపి, ప్లగ్ తీసి, పట్టాను తుడిచి చుక్క నూనె వేసి, బ్లేడును విప్పి ఆరబెట్టి మేకుకు తగిలించాలి.